ఏ నంబరు తంగూసు?

కొట్టు గుమ్మం దాటకముందే వలల వాసన ముక్కుకి తగులుతుంది. పైన దూలానికి వేలాడదీసిన విసురువలల కింద నుంచి తల వంచుకుని లోపలికి వెళ్తారు. గాజుబల్ల కింద గాలాలు నంబర్ల వారీగా చిన్న డబ్బాల్లో ఉన్నాయి, పక్కన సీసం గుళ్లు, బెండ్లు. గోడ మేకులకి తంగూసు చుట్టలు: తెలుపు, లేత ఆకుపచ్చ, గోధుమరంగు, కళ్లు చెదిరే పసుపు. బయట గోదావరి కాలవ నిండుగా పారుతోంది.

"ఏ చేపకండీ?" అంటాడు కొట్టాయన.

"కాలవలోనండీ. శీలావతి, జెల్ల, ఏది పడితే అది."

"పాతికా, ముప్పయ్యా?"

పాతికంటే 0.25 మిల్లీమీటర్ల మందం, ముప్పై అంటే 0.30. మీ చెయ్యి మాత్రం ఈపాటికే యాభై చుట్ట మీదికి వెళ్లింది. గాలం వేసే ప్రతివాడి మనసులోనూ ఓ పెద్ద బొచ్చె ఈదుతుంటుంది, అందుకే చెయ్యి లావు దారం మీదికే పోతుంది. దాన్ని మళ్లీ మేకుకి తగిలించేయండి. ఆ లావు దారం చిన్న రీలులో నాలుగు చుట్లకే నిండిపోతుంది, విసిరితే దూరం పోదు, పారే నీరు దాన్ని పక్కకి లాక్కుపోతుంది, పరిగె ఎర కొరికినా బెండుకి తెలియదు.

ముప్పై తీసుకోండి. రోజూ కాలవకో చెరువుకో వెళ్లేవాళ్లకి నా మాట ఇదే. నిజాయితీగా చేసిన 0.30 నైలాన్ దారం సుమారు ఐదు కిలోల లాగుడుకి ఆగుతుంది. ఇంతే మందానికి పక్క చుట్ట మీద పన్నెండు కిలోలని అచ్చువేశారు. ఆ అంకెను నమ్మకండి. అసలు కిలోలకంటే మిల్లీమీటర్లు చూసి కొనడమే మేలు. మందం పెరిగేది కొంచెమే అనిపిస్తుంది కానీ, 0.25 నుంచి 0.35కి వెళ్తే దారం కోత వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. బలమూ ఆ లెక్కనే పెరుగుతుంది, మొండితనం అంతకంటే ఎక్కువగా.

"ఓ మూరెడు లాగి చూడొచ్చాండీ?"

"చూడండి, దానికేముంది."

లాగి వదిలారు. దారం చుట్టలు చుట్టలుగా ముడుచుకుంది. రెండు చేతుల్తో పట్టి మెల్లగా సాగదీసి మళ్లీ వదలండి. చాలావరకు తిన్నగా వచ్చేసింది, అంటే మెత్తని సరుకే. ఇప్పుడు బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పెట్టి లాగండి. ఎక్కడా గరుకు తగలకూడదు, మందం మారకూడదు. గుమ్మం పక్కన ఎండ పడే మేకుకున్న చుట్ట చౌకగా ఇస్తానన్నా వద్దు. నైలాన్‌కి ఎండ పడదు. పైకి బాగానే కనిపిస్తూ లోపల పెళుసెక్కిపోతుంది. అట్టపెట్టెలో చీకట్లో ఉన్నదాన్ని అడిగి తీసుకోండి. రంగు గురించి మరీ మథనపడక్కర్లేదు. వరద రోజుల ఎర్రనీళ్లలో ఏ రంగైనా ఒకటే, సంక్రాంతికి నీరు తేటపడ్డాక లేత ఆకుపచ్చ నయం.

ఈ సన్నని పోగు మన చేతికొచ్చి ఎంతో కాలం కాలేదు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌ను ప్రకటించింది 1938లో. దాన్ని కనిపెట్టిన వాలెస్ కరోథర్స్ అంతకు ముందేడే చనిపోయాడు. అంతకుముందు ఐరోపాలో గాలం దగ్గర కట్టే సన్న పోగును పట్టుపురుగు పొట్టలోని పట్టుగ్రంథిని సాగదీసి తయారుచేసేవారు. దాన్ని నానబెట్టి మెత్తబరిస్తే తప్ప ముడి వెయ్యడానికి వీలయ్యేది కాదు.

గట్టు మీద తుమ్మచెట్టు నీడన కూర్చున్నారు. చుట్టను నేల మీద పడుకోబెట్టి రీలుకి ఎక్కిస్తున్నారు. నాలుగు తిప్పులు తిప్పి దారం వదులు చేసి చూడండి. మెలికలు పడుతోందా? చుట్టను తిరగేసి పెట్టండి, సర్దుకుంటుంది. రీలు అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా నిండగానే ఆపండి.

ఇక ముడి. గాలం కన్నులోంచి దారం దూర్చి, కొసతో అసలు దారం చుట్టూ ఐదు మెలికలు వేసి, కొసను మొదటి సందులోంచి వెనక్కి తీశారు. ఆగండి, ఇప్పుడే బిగించకండి. ముడిని ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే కమిలిపోతుంది. దగ్గరగా పెట్టుకు చూస్తే ముడి పక్కన తెల్లటి వంకర కనిపిస్తుంది. అది కనిపిస్తే కోసి మళ్లీ వెయ్యడమే. తెగిపోయిన దారాలు చాలావరకు ముడి దగ్గరే తెగుతాయి.

పిండి ఎర. విసిరారు. బెండు నిలబడింది, పక్కకి జరిగింది, మునిగింది.

రాడ్డు ఎత్తారు. కర్రుమంటూ రీలు దారం వదులుతోంది. శీలావతే! మూతిలో పళ్లుండవు, గొంతులో ఉంటాయి, కాబట్టి పెదవికి పడిన గాలం దగ్గర దారం కొరుకుతుందన్న భయం లేదు. అది తల విదిలించినప్పుడల్లా చేతికి గుంజుడు మెత్తగా వస్తోంది చూశారా? మంచి నైలాన్ తెగేలోపు తన పొడవులో ఇంచుమించు పావు వంతు సాగుతుంది. పాతిక మీటర్ల దూరంలో చేప ఉంటే ఆ సాగుడంతా మీ తరఫున పనిచేస్తుంది. ఒడ్డుకి రెండు మీటర్లలోకి వచ్చాక సాగడానికి దారమే మిగలదు. చాలామందికి చేప ఒడ్డు దాకా వచ్చాక దారం తెగిపోయేది ఇందుకే. రీలు బిగింపు, అదే డ్రాగ్, ఒక్క పిసరు వదులు చెయ్యండి. మళ్లీ పరిగెత్తింది, వెళ్లనివ్వండి. ఇప్పుడు పక్కకి తిరిగింది. చేతివల కిందనుంచి!

ఎరవేసేది కొర్రమీనుకైతే ఈ ముప్పై చాలదు. దానికి పళ్లున్నాయి, పైగా గుర్రపుడెక్కలోకి దూరి దారం చుట్టేస్తుంది. అక్కడ నలభై కావాలి.

మళ్లీ విసిరే ముందు గాలం పైన మీటరు దారాన్ని గోటి మధ్య లాగండి. కాలవ గట్టు రాళ్లకి రాసుకున్న చోట గరుకు తగిలింది. మీటరున్నర కోసేసి ముడి మళ్లీ వెయ్యండి. కోసిన ముక్కను గట్టు మీద పారేస్తున్నారా? వద్దండీ. కొంగ కాలికి చుట్టుకుంటే అది విప్పుకోలేదు, అక్కడే మేసే గేదె నోట్లోకైనా వెళ్తుంది. జేబులో పెట్టుకోండి.

ఇంటికెళ్లాక రాడ్డు కిటికీ పక్కన కాకుండా తలుపు వెనక నిలబెట్టండి. వచ్చే ఏడు కాలవలకి నీళ్లొదిలే నాటికి ఈ దారం మార్చాలి. మొత్తం పీకెయ్యక్కర్లేదు. ఎండకీ రాళ్లకీ తగిలేది పై యాభై మీటర్లే కాబట్టి, ఆ మేరకు తీసేసి, కిందున్న పాతదానికి కొత్తది ముడేసి చుట్టుకుంటే సరిపోతుంది.