చేతి నరాల మీద ఎవరి పేరుంది?

రక్తపరీక్షకు వెళ్తే సిస్టర్ భుజం కింద రబ్బరు పట్టీ కట్టి, పిడికిలి బిగించమంటుంది. మోచేతి మడతలో వేలితో తడుముతుంది. ఒకరికి నరం వెంటనే దొరుకుతుంది. ఇంకొకరికి ఎంత వెతికినా దొరకదు. జనం నరం అంటారు, పుస్తకాలు సిర అంటాయి, మా ఇళ్లలో నస్ అంటాం.

ఈ సిరల అమరిక అందరిలో ఒకేలా ఉండదు. బొటనవేలి వైపు నుంచి పైకి పోయేది సెఫాలిక్ సిర. చిటికెనవేలి వైపుది బెసిలిక్ సిర. చాలామందిలో ఈ రెంటినీ మోచేతి మడతలో ఒక ఏటవాలు సిర కలుపుతుంది. కొందరిలో అది ఉండదు. ముంజేతి నడుమ నుంచి వచ్చే సిర రెండుగా చీలి చెరో దానిలో కలుస్తుంది. కొందరిలో సెఫాలిక్ దారమంత సన్నం. ఒకే మనిషి కుడిచేయి, ఎడమచేయి కూడా ఒకేలా ఉండకపోవచ్చు.

ఇన్ని తేడాలున్నాయి. అయినా సిరలు చూసి ఇది ఏ మతం చేయో చెప్పగల డాక్టరు లేడు. పేరు చెబితే మాత్రం చాలు. 'మీరు తెలుగు భలే మాట్లాడతారే!' అనే ఆశ్చర్యం మొదలవుతుంది. ఇక్కడే పుట్టిన వాణ్ణి ఎక్కడినుంచో వచ్చినవాడిగా చూసే ఆశ్చర్యం అది.

సరే, పేర్ల సంగతే చూద్దాం.

ఇబ్న్ సీనా (980–1037) రాసిన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్'లో ఫస్ద్, అంటే సిర కోసి రక్తం తీసే చికిత్స గురించి వివరంగా ఉంది. చేతి సిరలకు అక్కడున్న పేర్లు ఖీఫాల్, బాసలీఖ్, అక్‌హల్. బాసలీఖ్ కింద ధమని ఉంటుంది, జాగ్రత్త అని కూడా ఆయన హెచ్చరించాడు. ఇవాళ సూది గుచ్చేవాళ్లకూ ఆ జాగ్రత్త తప్పదు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ ఈ గ్రంథాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. శతాబ్దాల పాటు యూరప్ విశ్వవిద్యాలయాల్లో అది పాఠ్యపుస్తకం. లాటిన్‌లో సెఫాలికా, బసిలికా అయిన ఆ పేర్లనే మన మెడికల్ కాలేజీల్లో పిల్లలందరూ వల్లె వేస్తున్నారు.

అయితే ఇవి 'మా' పేర్లేనని జబ్బ చరుచుకుందామా? ఆగాలి. ఇబ్న్ సీనా వెనుక గ్రీకు వైద్యుడు గాలెన్ ఉన్నాడు. గాలెన్‌ను సిరియాక్, అరబ్బీ భాషల్లోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు బాగ్దాద్‌లో పనిచేసిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. ఆయన క్రైస్తవుడు. బాసలీఖ్ అనే మాట 'రాజుకు చెందినది' అనే గ్రీకు మాట నుంచి వచ్చిందని కొందరు, 'లోపలిది' అనే అర్థంలో అరబ్బీదేనని మరికొందరు పండితులు అంటారు. సిర పేరుకే ఒక్క తల్లిని తేల్చలేనప్పుడు, మనుషుల మూలాల మీద తీర్పులు చెప్పడం ఎంత సాహసం!

ఇబ్న్ సీనా చెప్పిందంతా సరైనదీ కాదు. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం నేరుగా దాటుతుందన్న పాత భావనను కాదన్నవాడు ఆ 'ఖానూన్'కే వ్యాఖ్యానం రాసిన ఇబ్న్ అల్ నఫీస్ (మరణం 1288). రక్తం ఊపిరితిత్తుల గుండానే పోతుందన్నాడు. గురువు మీద గౌరవం ఆయన నోరు మూయలేదు. 1628లో ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే చేతికి కట్టు కట్టి, ఉబ్బిన సిరలను వేలితో నొక్కి, రక్తం గుండె వైపే పోతుందని చూపాడు. సిస్టర్ కట్టే పట్టీకి ఉబ్బేవీ ఆ సిరలే.

మమ్మల్ని పరాయివాళ్లనే వారితోనే కాదు, విజ్ఞానమంతా మన పెద్దల సొత్తేనని మురిసిపోయే మా వాళ్లతోనూ నేనీ మాట చెప్పాలనుకుంటాను. చార్మినార్ పక్కనున్న నిజామియా ఆసుపత్రిలో చేసే వైద్యాన్ని చాలామంది 'ముస్లింల వైద్యం' అంటారు. దాని పేరు యునానీ. యునానీ అంటే గ్రీకు దేశానిది అని అర్థం. అప్పు తెచ్చుకున్నచోటి పేరును ఆ హకీములు దాచుకోలేదు. మనకెందుకు దాపరికం?