పొగాకు కత్తి నుంచి పండ్ల చాకు దాకా

జపాన్ కత్తి కొనబోయేవారికి అట్టపెట్టె మీద మొట్టమొదట కనిపించేది సమురాయ్ బొమ్మ. ఒకప్పుడు ఖడ్గాలు చేసిన వంశాలే ఇప్పుడు వంటింటికి కత్తులు చేస్తున్నాయని అమ్మేవారు చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆపిల్ తొక్క తీయడానికి, వెల్లుల్లి తరగడానికి వాడే ఆ చిన్న చాకు పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే యుద్ధరంగం కన్నా ముందు పొగాకు కొట్టు, ఆ తర్వాత ఫ్రెంచి వంటశాల ఎదురవుతాయి.

ఒసాకాకు దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న రేవుపట్నం సకాయ్. అయిదో శతాబ్దంలో రాజుల కోసం పోసిన సమాధి దిబ్బలు ఈ ఊళ్లో ఉన్నాయి. నింతోకు చక్రవర్తిదని చెప్పే దిబ్బ పొడవు ఇంచుమించు అర కిలోమీటరు. అంత మట్టి తవ్వి పోయడానికి పనిముట్లు చేసిన కమ్మరులు అక్కడే నిలిచిపోయారని, ఊరి కత్తుల పనికి అదే మొదలని సకాయ్ వాళ్లు చెప్పుకుంటారు. 1543లో పోర్చుగీసువారు తనెగషిమా దీవిలో దిగి తుపాకీ చూపించారు. కొన్నేళ్లు తిరక్కుండానే సకాయ్ కొలుముల్లో తుపాకులు తయారయ్యాయి. (ఆ లోహపు పని నేర్పు తర్వాతి కాలంలో సైకిళ్ల వైపు మళ్లింది. సైకిల్ గేర్లకు పేరుమోసిన షిమానో కంపెనీ 1921లో పుట్టింది ఈ ఊళ్లోనే.)

పోర్చుగీసువారితో పాటు పొగాకూ వచ్చింది. జపానువారు ఆకును చుట్టలు చుట్టి కాల్చలేదు. వెంట్రుకంత సన్నగా తరిగి, కిసెరు అనే పొడుగాటి గొట్టం చివర ఉండే బుల్లి గిన్నెలో చిటికెడు కూరి పీల్చేవారు. ఆకుల దొంతరను అంత సన్నగా, గంటల తరబడి తరగాలంటే మామూలు కత్తి చాలదు. 16వ శతాబ్దం చివర్లో సకాయ్ కమ్మరులు ఆ పనికోసమే ప్రత్యేకంగా కత్తి చేశారు. అది ఎంత బాగా పనిచేసిందంటే, తర్వాత తొకుగావా ప్రభుత్వమే దానికి ‘సకాయ్ కివామె’ అన్న నాణ్యత ముద్ర ఇచ్చి, అమ్మకాల మీద గుత్తహక్కు కూడా కట్టబెట్టింది. దేశమంతటా సకాయ్ కత్తికి పేరు రావడానికి కారణం సమురాయ్‌ల కన్నా పొగరాయుళ్లే అనడం అన్యాయమేమీ కాదు.

వంటింటి కత్తులు ఆ బాటలోనే వచ్చాయి. చేపల తలలు, ముళ్లు నరికే బరువైన దెబా తొకుగావాలు ఏలిన ఎడో కాలం నడిమికల్లా సకాయ్‌లో తయారవుతోంది. కూరగాయలకు ఉసుబా, పచ్చి చేప ముక్కలకు సన్నగా పొడుగ్గా ఉండే యనగిబా.

సకాయ్‌లో ఈనాటికీ ఒక కత్తి ముగ్గురి చేతులు మారుతుంది. కొలిమి పని ఒకరిది, సాన పని ఒకరిది, పిడి తొడిగే పని ఇంకొకరిది. ముగ్గురివీ వేర్వేరు దుకాణాలు. కమ్మరి మెత్తటి ఇనుప ముక్క మీద వెలిగారం కలిసిన పొడి చల్లి, దానిపైన గట్టి ఉక్కు పలక పెట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి సమ్మెటతో కొడతాడు. నిప్పురవ్వలు లేస్తూ రెండూ ఒకటవుతాయి. తెగేది ఉక్కు, దాన్ని మోసేది ఇనుము. మొత్తం ఉక్కుతోనే చేస్తే రాయి మీద అరగదు, దెబ్బ తగిలితే నిలవదు. ఆకారం తేలాక బంకమట్టి పూసి ఆరబెట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచుతాడు. ఆ పూత ఉంటే ఆవిరి బుడగలు అడ్డం రాకుండా లోహం అంతటా సమంగా చల్లారుతుంది. ఇక పిడి తేలికైన మాగ్నోలియా కర్రతో చేసింది. దాని మూతికి గేదె కొమ్ముతో పొన్ను. కత్తి తోకను కాల్చి ఆ కర్రలోకి దించుతారు.

ఈ కత్తులకు పదును ఒక పక్కనే ఉంటుంది. ఒక వైపు ఏటవాలు, రెండో వైపు చదును. దీనివల్ల ఏం ఒరుగుతుందో చూడాలంటే వంటవాళ్లు ‘కత్సురముకి’ చేస్తుండగా చూడాలి. జానెడు లోపు తెల్ల ముల్లంగి ముక్కను ఎడమ చేత పట్టుకుని తిప్పుతుంటారు. కుడి చేతిలోని ఉసుబా పైకీ కిందికీ సన్నగా కదులుతుంది. ముల్లంగి ఎక్కడా తెగకుండా పొడవాటి పొరగా విప్పుకుంటూ వస్తుంది, అవతల పెట్టిన కాగితం మీది అక్షరాలు కనబడేంత పలచగా. ఆ పొరను చుట్టి దారాల్లా కోసి పచ్చి చేప పక్కన వడ్డిస్తారు. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, చేతిలో పెట్టుకుని ఒలిచే ఇంత సున్నితమైన పనిని కూడా ఆ వంటవాళ్లు చిన్న చాకుతో కాదు, పెద్ద, వెడల్పాటి కత్తితోనే చేశారు.

మరి ఆ చిన్న చాకు ఎక్కడి నుంచి వచ్చింది? గొడ్డుమాంసంతో పాటు వచ్చింది. 675లో తెన్ము చక్రవర్తి గొడ్డు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. ఆ కట్టడి సడలుతూ బిగుస్తూ, బౌద్ధం అండతో వెయ్యేళ్లకు పైగా నడిచింది. 1872లో మెయిజీ చక్రవర్తి తాను గొడ్డుమాంసం తిన్నట్టు లోకానికి తెలియనిచ్చాడు. అప్పటికే 1859లో తెరిచిన యొకొహామా రేవులో విదేశీయుల హోటళ్లు, వాళ్ల వంటవాళ్లు, వాళ్ల కత్తులు వచ్చి చేరాయి. రెండు వైపులా పదునుండి, మొన తేలిన ఆ ఫ్రెంచి కత్తిని చూసి జపాన్ కమ్మరులు గ్యుతో అనే కత్తి చేశారు. దాని బుల్లి రూపమే పెట్టీ, పేరు కూడా ఫ్రెంచి నుంచే తెచ్చుకుంది. ఇవాళ ‘జపాన్ పండ్ల చాకు’గా అమ్ముడుపోయేది చాలావరకు ఇదే.

సమురాయ్ కథ వచ్చి కలిసేది ఇక్కడ. 1876 మార్చిలో బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఖడ్గాలకు పేరుమోసిన గిఫు ప్రాంతపు సెకీ పట్టణం బతుకుతెరువు కోసం జేబు చాకులు, కత్తెరలు, వంటింటి కత్తుల మీద పడింది. అలాగని ఒక్క ఉత్తర్వుతో కొలుములన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగాయనుకోవడం సినిమా ఫక్కీ. అంతకుముందు రెండున్నర శతాబ్దాలు దేశంలో యుద్ధాలే దాదాపు లేవు. ఖడ్గాల గిరాకీ తగ్గి ఎన్నో కొలుములు ఏనాడో కొడవళ్ల వైపు మళ్లాయి. సెకీలో 1908లో జేబు చాకులతో మొదలైన కాయ్ కంపెనీయే 1932లో జపాన్‌లో తయారైన తొలి సేఫ్టీ రేజర్ బ్లేడు తెచ్చింది, ఇప్పుడు షున్ పేరుతో కత్తులు అమ్ముతోంది. ఎడో కాలంలో మేకులు కొట్టిన నీగాతా ప్రాంతం నుంచి 1985లో గ్లోబల్ కత్తి వచ్చింది. పిడి సహా అంతా స్టెయిన్‌లెస్, బోలు పిడిలో బరువు సరితూగడానికి ఇసుక.

ఈ చరిత్ర తెలిస్తే కొట్లో నిలబడి ఎంచుకోవడం కొంత తేలిక. చేతిలోనే పట్టుకుని ఒలిచేవారికి 8, 9 సెంటీమీటర్ల చాకు చాలు. పలక మీద పెట్టి టమాటా, పచ్చిమిర్చి కూడా తరగాలంటే 12 నుంచి 15 సెంటీమీటర్ల పెట్టీ నయం. కత్తిపీట అలవాటున్న తెలుగువారికి కాయను కదిపే పద్ధతి కొత్తకాదు కాబట్టి మొదటిది చప్పున పట్టుబడుతుంది.

ఉక్కు దగ్గరే అసలు తకరారు. షిమానే ప్రాంతంలోని యసుగిలో తయారయ్యే తెల్ల కాగితం, నీలి కాగితం ఉక్కులకు ఆ పేర్లు వాటికి అంటించిన కాగితాల రంగును బట్టి వచ్చాయి. తెల్లదాంట్లో టంగ్‌స్టన్, క్రోమియం కలిపితే నీలిది. రెండూ అద్భుతంగా పదునెక్కుతాయి, రెండూ తుప్పు పడతాయి. మామిడికాయ, నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే కాసేపటికే నల్లబడతాయి. తీరిక లేని ఇంటికి తకెఫు కంపెనీ చేసే వీజీ-10 లాంటి స్టెయిన్‌లెస్ మేలు.

ఇక అలల నగిషీ ఉన్న ‘డమాస్కస్’ కత్తులు. అవి చూడముచ్చటగా ఉంటాయి, కాదనలేం. అయితే ఆ అలలు నడిమి ఉక్కుకు అటూ ఇటూ అతికిన మెత్తటి పొరలవి. కోతలో వాటి ప్రమేయం ఏమీ లేదు. డమాస్కస్ అన్న పేరుతో చరిత్రకెక్కిన అసలు ఖడ్గాల మీది అలలు వేరు. మూసలో కరిగించి నెమ్మదిగా చల్లార్చిన ఉక్కు లోపలే అవి పుట్టేవి. ఆ ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చిన ఊళ్లలో నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఒకటి. అక్కడి మూసలను 19వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ చూసి రాసిపెట్టాడు. జపాన్ కత్తి మీది అలకు దానితో చుట్టరికం పేరు వరకే.

ఏ ఉక్కయినా జపాన్ చాకు గట్టిది, కాబట్టే పెళుసు. ఎముక మీద, కొబ్బరి చిప్ప మీద, గడ్డకట్టిన మాంసం మీద వాడితే అంచు పెచ్చులూడుతుంది. వీధిలో తిరిగే సాన చక్రం దీనికి పనికిరాదు, ఆ వేడికి అంచు పదును నిలుపుకునే గుణం పోతుంది. 1000 నంబరు నీటి సానరాయి ఒకటి ఇంట్లో ఉంటే సరిపోతుంది, 3000, 6000 రాళ్లు నునుపు కావాలనుకునేవారికి. ఎడమచేతివాటం వారు మాత్రం డబ్బు కట్టేముందు ఒకసారి అంచును వెలుతురుకు పట్టి చూసుకోవాలి. ఒకవైపు పదును కత్తులు మామూలుగా కుడిచేతికే చేస్తారు, ఎడమచేతివి విడిగా అడిగి తెప్పించుకోవాలి. రెండువైపులా పదునున్న పెట్టీల్లో కూడా కొన్నిటికి కుడి పక్కనే ఎక్కువ అరగదీస్తారు.