ఊరు చెప్పే సాక్ష్యం: ప్రవాస కార్మికుల పోలీసు ధ్రువపత్రం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఖతార్‌లోనో కువైట్‌లోనో పనిచేస్తున్న కార్మికుడు మరో కొలువుకో, మరో దేశపు వీసాకో దరఖాస్తు చేసినప్పుడు అతనిని తరచుగా ఒక కాగితం అడుగుతారు. స్వదేశంలో అతనిపై ప్రతికూల సమాచారం ఏదీ లేదని అతని ప్రభుత్వం ఇచ్చే పత్రం అది. దాని పేరు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, వాడుకలో పీసీసీ. దరఖాస్తు అక్కడి భారత రాయబార కార్యాలయానికి చేరుతుంది. విచారణ మాత్రం జగిత్యాలలోనో రాయచోటిలోనో, పాస్‌పోర్టులో నమోదైన చిరునామా ఉన్న ఠాణా పరిధిలో జరుగుతుంది. మనిషి ఒక దేశంలో ఉంటాడు, అతని నడవడికి సాక్ష్యం మరో దేశంలో ఉంటుంది. వలసను గురించిన తెలుగు రచనలు కూలీల కష్టాలను, ఏజెంట్ల మోసాలను పట్టించుకున్నంతగా వలసదారుని కాగితాలను పట్టించుకోలేదు. ఆ కాగితాలకూ ఒక చరిత్ర ఉంది. దానిలో ముఖ్యమైన ఘట్టాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒంటి గుర్తుల కాలం

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరకు తోటలకు చేరిన తొలి ఒప్పంద కూలీలు అందులో ఉన్నారు. ఆ తరువాతి దశాబ్దాలలో ఉత్తర సర్కారు జిల్లాల తెలుగువారు వేల సంఖ్యలో అదే దారి పట్టారు. వారి వివరాలను నమోదు చేసిన పట్టీలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం ఉంటాయి. చివర ఒంటిమీది గుర్తులు ఉంటాయి: నుదుటి మీద మచ్చ, మోకాలి మీద గాయం. నడవడికి సంబంధించిన గడి లేదు. తోట యజమానికి కావలసింది కూలీ గుణం కాదు, కండబలం. పుట్టుమచ్చ అవసరం కూడా మనిషి పారిపోతే పట్టుకోవడానికే.

రంగూన్ వలసలో ఆ మాత్రం కాగితం కూడా అవసరం పడలేదు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కిన కూలీకి పాస్‌పోర్టు అక్కరలేదు. మేస్త్రీ ఇచ్చిన బయానాయే అతని పూచీకత్తు. అప్పు తీరేదాకా మనిషి ఎక్కడికీ పోడన్నది మేస్త్రీ ధీమా.

వేలిముద్ర నుంచి పాస్‌పోర్టు దాకా

వేలిముద్రను ప్రభుత్వ సాధనంగా మలచిన ప్రయోగాలలో తొలివి బెంగాల్లో జరిగాయి. 1858లో విలియం హెర్షెల్ జంగీపూర్‌లో ఒక గుత్తేదారు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కేంద్రం ఏర్పడింది. దాని వర్గీకరణ పద్ధతి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రసిద్ధికెక్కింది. పద్ధతి వెనుక లెక్క కట్టి పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ పేర్లు చాలాకాలం మరుగునే ఉండిపోయాయి. హెన్రీ 1900లో దక్షిణాఫ్రికాకు వెళ్లి జోహాన్నెస్‌బర్గ్ పోలీసు వ్యవస్థను తీర్చిదిద్దాడు.

ఆరేళ్ల తరువాత ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియా వాసులంతా పేర్లు నమోదు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలని శాసనం తలపెట్టింది. దానికి వ్యతిరేకంగా 1906 సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన సభే సత్యాగ్రహానికి ఆరంభం. గాంధీ అభ్యంతరాలలో ఒకటి ఇక్కడ గమనించదగినది. హెన్రీ గ్రంథాన్ని చదివిన ఆయనకు, చట్టం వేలిముద్రలు కోరేది నేరస్థుల నుంచి మాత్రమేనని తెలిసింది. నేరం చేయని వలసదారుణ్ణి నేరస్థుని వరుసలో నిలబెట్టడమే ఆయనకు కలిగిన బాధ. నేటి ధ్రువపత్రం నిర్దోషిత్వాన్ని చాటడానికి ఉద్దేశించినదే. అయినా దానిని అడగడంలోని అనుమానం ఆనాటిదే.

1920లో భారత శాసనసభ చేసిన చట్టాల వరుసలో 33వది ఖైదీల గుర్తింపు చట్టం, 34వది పాస్‌పోర్టు చట్టం. ఒకటి నేరస్థుని శరీరాన్ని నమోదు చేసే అధికారం ఇచ్చింది. మరొకటి దేశంలో అడుగుపెట్టేవారిని కాగితం అడిగే అధికారం ఇచ్చింది. వరుస సంఖ్యలు యాదృచ్ఛికమే కావచ్చు. కానీ యుద్ధానంతర వలస ప్రభుత్వం దేనికి జంకిందో చెప్పడానికి అవి చాలు.

సెటిల్మెంటు పాసు

తెలుగు నేలకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం కల్పించినది నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తర భారతంలో మొదలైన ఈ చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికి విస్తరించింది. గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురానికి మద్రాసు ప్రభుత్వ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అక్కడా, ఇతర సెటిల్మెంట్లలోనూ ఎరుకల వంటి సమూహాల పేర్లను పట్టీకెక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పట్టీలో ఉంచారు. హద్దు దాటి పొరుగూరికి వెళ్లాలంటే పాసు కావాలి. నేరం చేసిందీ లేనిదీ విచారించే ముందే పుట్టుకను బట్టి తీర్పు అయిపోయింది. పయనానికి పోలీసు అనుమతి తప్పనిసరి చేసిన తొలి పెద్ద వ్యవస్థ తెలుగువారికి పరిచయమైంది విదేశీ ప్రయాణంలో కాదు, పొరుగూరి ప్రయాణంలో.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లోనూ, దేశమంతటా 1952లోనూ రద్దయింది. ‘అలవాటుపడిన నేరస్థుల’ చట్టాలు దాని స్థానంలోకి వచ్చాయి. చట్టం పోయినా ఠాణాలోని పుస్తకం పోలేదు. అనుమానితుల జాబితాలు, హిస్టరీ షీట్లు, రౌడీ షీట్లు కొనసాగాయి. వీటికి శాసనాలకన్నా పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే ప్రధానాధారం. ‘పేరుమోసిన దోపిడీకారు’ అనే అర్థం గల ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే తెలుగులో ‘కేడీ’గా మారి తిట్టుగా స్థిరపడిందని చెబుతారు. రిజిస్టరులోని మాట ఊరి నోటికెక్కడం ఆ పుస్తకాల ప్రాబల్యానికి గుర్తు.

నేటి పీసీసీ ఈ చట్టం నుంచి నేరుగా పుట్టిందనడం అతిశయోక్తి. రెండింటి ఉద్దేశాలు వేరు. అయితే ఒక మనిషి గుణాన్ని అతని ఊరి ఠాణాయే ఎరుగుననే నమ్మకం రెండింటికీ ఉమ్మడిది.

హక్కుగా మారిన ప్రయాణం

స్వతంత్రం వచ్చిన తరువాత రెండు దశాబ్దాల పాటు పాస్‌పోర్టు ఇవ్వడమా మానడమా అన్నది కేవలం ప్రభుత్వ విచక్షణ. సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ముగ్గురు-ఇద్దరి ఆధిక్యంతో ఇచ్చిన తీర్పు దానిని మార్చింది. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని నిరాకరించడం చెల్లదనీ ఆ తీర్పు సారం. ఆధిక్య తీర్పు వెలువరించినది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. మరునాడే ఆయన రాష్ట్రపతి ఎన్నికలో పోటీకై పదవికి రాజీనామా చేశారు. రాజమహేంద్రవరపు ఈ న్యాయకోవిదుణ్ణి చరిత్ర గోలక్‌నాథ్ తీర్పుతోనే ఎక్కువగా తలచుకుంటుంది. గల్ఫ్ బాట పట్టిన తెలుగు కూలీకి ఎక్కువ మేలు చేసినది ఈ రెండో తీర్పే.

తీర్పు ఫలితంగా అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నిరాకరణకు కారణాలను అది ఆరవ సెక్షన్‌లో లెక్కించి చెప్పింది. దరఖాస్తుకు ముందటి ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి కనీసం రెండేళ్ల శిక్ష పడి ఉండడం ఒకటి, క్రిమినల్ కోర్టులో కేసు విచారణలో ఉండడం మరొకటి. కేసు నడుస్తున్నవారు సంబంధిత కోర్టు అనుమతితో పాస్‌పోర్టు పొందే వీలును 1993 నాటి ప్రకటన కల్పించింది. ఎఫ్ఐఆర్ నమోదైనంత మాత్రాన కోర్టులో కేసు ఉన్నట్లు కాదని పలు హైకోర్టులు చెప్పాయి. ఠాణా నివేదిక రాసే చేతికి ఈ తేడా ఎప్పుడూ గుర్తుంటుందని చెప్పలేము. చిక్కు మొదలయ్యేది అక్కడే.

గల్ఫ్ కాలం

1970ల చమురు సంపదతో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి మగవారు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి స్త్రీలు గల్ఫ్‌కు పయనమయ్యారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం తక్కువ చదువు గల కార్మికుల ప్రయాణానికి ప్రభుత్వ అనుమతిని తప్పనిసరి చేసింది. వీరిని పీసీసీ అడగడం తరువాతి పరిణామం. సంయుక్త అరబ్ ఎమిరేట్స్ 2018 ఫిబ్రవరిలో ఉద్యోగ వీసాలకు సత్ప్రవర్తన పత్రాన్ని తప్పనిసరి చేసి, రెండు నెలలు తిరగకముందే ఆ నిబంధనను నిలిపివేసింది. 2022లో సౌదీ అరేబియా భారతీయులను ఈ పత్రం కోరింది. తాకిడి తట్టుకోవడానికి భారత విదేశాంగ శాఖ సెప్టెంబరు 28 నుంచి తపాలా కార్యాలయాల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ పీసీసీ దరఖాస్తులు స్వీకరించింది. నవంబరులో సౌదీ ఆ షరతును ఎత్తివేసింది. ఈ నడిమి నెలల్లో కాగితం కోసం తిరిగినవారి ఖర్చు ఏ పద్దులోనూ కనబడదు.

పత్రం ఒక్కో దేశానికి విడిగా ఇస్తారు. కువైట్‌కని తీసుకున్నది కెనడాకు పనికిరాదు. పత్రం చేతికొచ్చాక దానికి సాధికారత కావాలి. హేగ్ అపోస్టిల్ ఒప్పందం 2005లో భారత్‌లో అమలులోకి వచ్చింది. ఒమన్, బహ్రెయిన్, 2022 చివరి నుంచి సౌదీ ఆ ముద్రను అంగీకరిస్తాయి. ఆ ఒప్పందంలో లేని కువైట్ వంటి దేశానికి రాయబార కార్యాలయపు ముద్ర కూడా అవసరం. అన్నిటికీ అసలు పాస్‌పోర్టు చూపాలి. యజమాని పాస్‌పోర్టు దాచుకున్న కార్మికుడికి మొదటి మెట్టే దాటరానిది.

పరిపాలన విభజన కూడా అనుకోని ఇబ్బంది తెచ్చింది. 2016లో తెలంగాణలో జిల్లాలు పది నుంచి ముప్ఫై ఒకటికి పెరిగాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని పదమూడు ఇరవై ఆరయ్యాయి. పాస్‌పోర్టులో కరీంనగర్ జిల్లా అని ఉన్న మనిషి ఊరు ఇప్పుడు జగిత్యాల ఎస్పీ పరిధిలో ఉంది. స్త్రీల విషయంలో చిరునామా మరింత బరువైనది. కువైట్‌లో పనిచేసే స్త్రీ పాస్‌పోర్టులో అత్తవారింటి చిరునామా ఉండి, ఆ ఇంటితో సంబంధం తెగిపోయి ఉంటే, ఆమె నడవడి గురించి కానిస్టేబుల్ ఎవరిని అడగాలి? తలుపు తీసినవారి మాటే నివేదికగా మారే అవకాశం ఉంది. వేలిముద్రలతో సరిచూసే కెనడా వంటి దేశాల పద్ధతిలో ఈ ప్రశ్న తలెత్తదు. వేలిముద్రల వర్గీకరణకు పుట్టినిల్లయిన దేశం తన ప్రవాసుల విషయంలో ముద్రకన్నా ముంగిటినే నమ్మడం విచిత్రం.

చివరగా పాత కేసుల సంగతి. తెలంగాణ ఉద్యమ కాలంలో విద్యార్థులపై పెద్ద సంఖ్యలో కేసులు నమోదయ్యాయి. రాష్ట్రం ఏర్పడ్డాక వాటి ఉపసంహరణకు ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఉత్తర్వు వెలువడడం వేరు, కోర్టు దానిని అనుమతించడం వేరు, ఠాణా రికార్డులో ఆ మార్పు నమోదు కావడం వేరు. మూడోది జరగకపోతే కంప్యూటర్ పాత నంబరునే చూపుతుంది. అప్పుడు దోహాలో ఉన్న దరఖాస్తుదారు తరఫున తండ్రో అన్నో కోర్టుకు వెళ్లి, కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి, కేసు ముగిసినట్లు ధ్రువీకరించిన నకలు తెచ్చి ఠాణాలో ఇవ్వాలి. ఈ లోగా అక్కడ వీసా గడువు నడుస్తూనే ఉంటుంది.