సూక్ష్మదర్శిని క్రింద తగ్గే కొలతలు

ఆషాఢమాసములో బోనాలు వచ్చినవంటే హైదరాబాదు పాతనగరములోని లాల్‌దర్వాజాలో సందడికి హద్దు ఉండదు. నగరానికి కోటగోడ ఉన్న రోజులలో దానికి గల 13 దర్వాజాలలో ఇది ఒకటి. గోడ పోయినది, దర్వాజా పోయినది, పేరు మాత్రము నిలిచినది. ఇక్కడి సింహవాహిని మహంకాళి గుడికి ఆడవారు కొత్తకుండలో అన్నము వండి, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపరెమ్మలు చుట్టి, పైన మూకుడులో దీపము వెలిగించి తలమీద మోసుకొని వస్తారు. ఆ మూకుడు కుండమూతిపై కుదురుగా కూర్చుండవలె.

అది కూర్చుండుటలో కుమ్మరి నేర్పు ఉన్నది. సారెమీదనుండి దింపిన పచ్చికుండ ఎండినకొద్దీ, ఆవములో కాలినకొద్దీ చిన్నదవుతుంది. మట్టిరేణువుల నడుమనున్న నీరు పోగా రేణువులు దగ్గరకు జరుగుటే ఇందుకు కారణము. కాబట్టి కుమ్మరి కావలసిన కొలతకంటె కొంత పెద్దదిగా చేస్తాడు. అంతేకాదు, ఎండిన కుండమూతికి సరిపోయేటట్లు పచ్చిమట్టితో మూకుడు చేయడు. చేసినట్లయితే కాలిన తరువాత ఆ మూకుడు కుండలోనికి జారిపోతుంది. పచ్చిదానిని పచ్చిదానితో, కాలినదానిని కాలినదానితో పోల్చవలెనన్నది అతనికి తాతలనాటినుండి వచ్చిన తెలివి. సూక్ష్మదర్శిని పట్టిన శాస్త్రజ్ఞులకు మాత్రము ఈ లెక్క పూర్తిగా వంటబట్టడానికి చాలా కాలము పట్టినది.

పాతనగరానికి ఉత్తరముగా, మూసీనది దాటి పోతే బేగంపేట వస్తుంది. 1897 ఆగస్టులో అక్కడి సైనిక వైద్యశాలలో రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమలను కోసి చూస్తున్నాడు. మలేరియా రోగి అయిన హుసేన్‌ఖాన్‌కు, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, 16వ తేదీన దోమలచేత అతని రక్తము త్రాగించాడు. ఎండ మండిపోతున్నా పంకా వేయించుకొనలేదు. గాలికి దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినవి.

20వ తేదీన ఒక దోమ జీర్ణాశయపు గోడను పరీక్షిస్తుండగా సుమారు 12 మైక్రానుల వ్యాసము గల గుండ్రని కణమొకటి కనిపించినది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కణము అంచు మరీ స్పష్టముగా ఉన్నది; దోమ జీర్ణాశయములో మామూలుగా ఉండే కణాలకంటె ఇది చిన్నది. లోపల మలేరియా పరాన్నజీవిలో కనబడే నల్లని రంగురేణువులు ఉన్నవి. మరునాడు మిగిలిన దోమను కోయగా అటువంటి కణాలే, ముందటి రోజువాటికంటె పెద్దవిగా కనిపించినవి. ఒక్కరోజులో పెరిగినవంటే అవి దోమ శరీరములోని భాగాలు కావు. దోమలో పెరుగుతున్న వేరొక జీవి. ఆ సంవత్సరము డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతిని ప్రకటించినది.

రాస్ వాదానికి రంగురేణువులు ఎంత బలమో కొలతలూ అంత బలము. మామూలు కణముకంటె చిన్నది, నిన్నటి కణముకంటె పెద్దది: రెండూ పరిమాణానికి సంబంధించినవే. రెండు రోజులూ అతడు దోమలను తాజాగానే కోసి ఒకే తీరున చూచాడు కనుక ఆ పోలిక నిలిచినది. 21వ తేదీనాటి దోమను మాత్రము ఆనాటి ప్రయోగశాలలలో వాడుకలో ఉన్న పద్ధతిలో మైనములో పొదిగి, పలుచగా కోసి చూచాడనుకొనండి. పొడవులో నూటికి 20 వంతులు తగ్గుట ఆ పద్ధతిలో వింత కాదు. అప్పుడు 15 మైక్రానులకు పెరిగిన కణము కూడ 12 మైక్రానులుగానే కనిపించి, పెరుగుదల అంతా మాయమయ్యేది!

ఆ పద్ధతి ఎట్టిదో కొంచెము చూడవలె. శరీరమునుండి తీసిన కణజాలము ఊరికే వదిలితే కుళ్ళిపోతుంది; మెత్తగా ఉండుటచేత పలుచగా కోయుటకూ వీలుపడదు. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ కణజాలాన్ని పారఫిన్ మైనములో పొదిగే పద్ధతిని చూపాడు. 1893లో ఫ్రాంక్‌ఫర్టులో ఫెర్డినాండ్ బ్లుమ్ ఫార్మాల్డిహైడు క్రిములను ఎంతవరకు చంపునో పరీక్షిస్తూ, ఆ ద్రావణము తగిలిన తన వ్రేళ్ళ చర్మము గట్టిపడుట గమనించాడు. వ్రేలిని గట్టిపరచినది కణజాలాన్ని మాత్రము ఎందుకు గట్టిపరచదు? ఫార్మలిన్ అట్లా ప్రయోగశాలలో ప్రవేశించినది. దీనిలో కణజాలాన్ని నిలకడ పరచుటనే స్థిరీకరణము అంటారు. ఈనాటికీ ఆసుపత్రులలో ఎక్కువగా వాడేది అదే.

ఫార్మలిన్‌లో ఉన్నంతసేపు కణజాలము అంతగా మారదు. మొదట కొంచెము ఉబ్బుట కూడ కద్దు. అసలు చిక్కు తరువాత వస్తుంది. కణజాలములో చాలా భాగము నీరే. నీటికి మైనానికి పొత్తు కుదరదు. అందుచేత 70 పాళ్ళు, 90 పాళ్ళు, చివరకు నీరు లేని ఆల్కహాలు, ఇట్లా ఒకదాని తరువాత ఒకదానిలో ముంచి నీటిని తీసివేస్తారు. ఆల్కహాలును జైలీన్ తొలగిస్తుంది. జైలీన్ స్థానములోనికి సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగిన మైనము చేరుతుంది. నీరు పోయినకొద్దీ ప్రోటీను పోగులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. మైనపు వేడి ఆ ముడుతను ఇంకా బిగిస్తుంది. ఆవములోని కుండ సంగతే ఇది. కాని కుండలో ఉన్నది ఒకటే మట్టి. కణజాలములో కండరము, కొవ్వు, నాడులు, పోగులు కలిసి ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క విధముగా కుంచించుకొంటుంది. రెండింటి నడుమ ఏర్పడిన ఖాళీని చూచి అది జీవితావస్థలోనే ఉన్నదని భ్రమపడిన సందర్భాలు ఉన్నవి. కొవ్వు జైలీన్‌లో కరిగిపోయి గుండ్రని రంధ్రమే మిగులుతుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. పొడవు 1 నుండి 0.8కి తగ్గితే వైశాల్యము 0.64 అవుతుంది. ఘనపరిమాణము 0.512 మాత్రమే, అనగా ఇంచుమించు సగము. పొడవులో అయిదవ వంతు తగ్గినదంటే పెద్దగా అనిపించదు. గాజుపలక మీద ఉన్నది అసలులో సగమేనంటే ఎవరైనా ఉలికిపడతారు.

కొలతలే కాదు, రూపాలు కూడ నమ్మదగినవేనా అన్న అనుమానము 1899లోనే బయలుదేరినది. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ ఫిషర్, ఇంగ్లండులో విలియం బేట్ హార్డీ వేరువేరుగా ప్రాణము లేని ప్రోటీను ద్రావణాలకు స్థిరీకరణ ద్రవాలు కలిపి చూచారు. జీవకణములో ఉన్నవని పండితులు వర్ణించిన వలలు, రేణువులు వాటిలోనూ ఏర్పడినవి! కణములోని వలను కణము అల్లినదా, లేక ద్రవము అల్లినదా అని అటుపిమ్మట ప్రతివారూ ప్రశ్నించుకొనవలసి వచ్చినది. పరిమాణము విషయములో ఇంతటి కలవరము లేచినట్లు కనబడదు. 1941లో స్టోవెల్ వేరువేరు ద్రవాలలో, వేరువేరు పొదుగు పద్ధతులలో కణజాలపు ఘనపరిమాణము ఎట్లు మారునో ఓపికగా కొలిచాడు. అయినా అటువంటి లెక్కలను మరచి వ్రాసిన వ్యాసాలు తరువాత కూడ వచ్చినవి.

వాటివలన కలిగిన పెద్ద పొరపాటు వృద్ధుల మెదడును గురించినది. 1955లో హెరాల్డ్ బ్రోడీ వేరువేరు వయస్సులవారి మెదళ్ళ పైపొరలో నాడీకణాలను లెక్కించి, వయస్సుతోపాటు అవి బాగా తగ్గుతాయని ప్రకటించాడు. ముసలితనములో మెదడు కణాలు రోజురోజుకూ రాలిపోతాయన్న మాట పాఠ్యపుస్తకాలకు కూడ ఎక్కినది. 1980ల దశకములో జర్మనీకి చెందిన హెర్బర్ట్ హౌగ్ ఈ లెక్కలో ఉన్న మెలికను విప్పాడు. పడుచువారి మెదడు ప్రయోగశాల ద్రవాలలో ఎక్కువగా కుంచించుకొంటుంది, వృద్ధుల మెదడు తక్కువగా. ఎక్కువ ముడుచుకొన్నదానిలో కణాలు దగ్గరదగ్గరగా చేరి, ఒకే వైశాల్యములో ఎక్కువ సంఖ్యలో కనబడతాయి. అందుచేత రెండవదానిలో కణాలు పోయినట్లు తోచినది. పచ్చి మూకుడును ఎండిన కుండకు సరిచూచుట వంటిదే ఇది.

కణజాలము ఎంత ముడుచుకొన్నా దానిలోని కణాల మొత్తము సంఖ్య మారదు. కాబట్టి చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అని కాక మొత్తము ఎన్ని అని లెక్కించే పద్ధతులు వచ్చినవి. వాటికి మూలమైన 1984 నాటి వ్యాసము డి.సి. స్టెరియో పేరిట వెలువడినది. ఆ పేరుగల మనిషి లేడు. ఆ పద్ధతికి పెట్టిన డిసెక్టర్ అనే పేరులోని ఇంగ్లీషు అక్షరాలను తారుమారు చేసి కల్పించిన మారుపేరు అది. శాస్త్రజ్ఞులకూ సరదాలు ఉంటాయి. ఇటువంటి పద్ధతితోనే 1997లో డెన్మార్కులో పాకెన్‌బెర్గ్, గుండర్సన్ 94 మెదళ్ళను పరీక్షించి, 20 ఏండ్లనుండి 90 ఏండ్లవరకు పోయే నాడీకణాలు నూటికి 10 లోపేనని తేల్చారు.

మెదడు విషయములో పొరపాటు పుస్తకాలకే పరిమితమైనది. కేన్సరు శస్త్రచికిత్సలో అది రోగిమీద పడుతుంది. మన దేశములో నోటి కేన్సరు ఎక్కువ. శస్త్రవైద్యుడు పుండుతోపాటు చుట్టూ కొంత మంచి కణజాలాన్ని కూడ కోసి తీస్తాడు. ఆ అంచు 5 మిల్లీమీటర్లకు తగ్గకుండ ఉన్నదా అని రోగనిర్ణయ శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో చూచి చెబుతాడు. 1997లో అమెరికాలో కుక్కల నోటి కణజాలముపై జరిపిన పరిశోధనలో బుగ్గ లోపొర అంచు నూటికి 47 వంతులు, నాలుక అంచు 31 వంతుల వరకు కుంచించుకొన్నట్లు తేలినది. అందులో హెచ్చుభాగము ఫార్మలిన్‌లో వేయకముందే, కత్తి తెగిన మరుక్షణమే జరిగినది. లాగిపట్టిన కండరము తెగగానే ముడుచుకొనుట సహజము కదా. ఆ లెక్కన బుగ్గలో 10 మిల్లీమీటర్లు వదిలి కోసిన అంచు గాజుపలక మీద 5.3 మిల్లీమీటర్లుగా తేలుతుంది. 8 మిల్లీమీటర్లు వదిలినట్లయితే 4.2. కోసిన వైద్యుడు తగినంత తీశానంటాడు, పరీక్షించినవాడు చాలలేదంటాడు. ఇద్దరి కొలతలూ సరియైనవే. అందుకే కోయకముందే నోటిలో కొలిచి వ్రాసిపెట్టుట, కోసిన ముక్కను బెండు పలకపై సూదులతో సాగదీసి గుచ్చిన తరువాతనే ఫార్మలిన్‌లో వేయుట వంటి ఏర్పాట్లు శస్త్రచికిత్సాలయాలలో వాడుకలోనికి వచ్చినవి.