రాజభవనం నుంచి ఆవాస పాఠశాలకు: కోరుకొండ అనుభవం

బ్రిటిష్ ఆవాస విద్యావిధానం భారతదేశంలో రాజకుమారుల కోసం కూడా నెలకొన్నదనడానికి 1875లో అజ్మీరులో ఏర్పడిన మేయో కళాశాల నిదర్శనం. స్వాతంత్ర్యానంతరం ఆ విధానం పొందిన పరిణామాన్ని విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాల తెలియజేస్తుంది.

సైనికాధికారుల శ్రేణిలో ప్రాంతాల, వర్గాల నడుమ ఉన్న అసమతౌల్యాన్ని సవరించడానికి రక్షణమంత్రి వి.కె. కృష్ణమీనన్ 1961లో సైనిక పాఠశాలల పథకాన్ని ప్రతిపాదించారు. ఆ పథకం కింద 1962 జనవరి 18న కోరుకొండ పాఠశాల ఆరంభమైంది. విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతిరాజు ఇచ్చిన రాజభవనమే దానికి ఆవాసమైంది.

విద్యార్థులను హౌసులుగా విభజించడం, వేకువ వ్యాయామం, సహపంక్తి భోజనం, సాయంకాలపు ఆటలు, రాత్రివేళ పర్యవేక్షణలో చదువు మొదలైనవి ఆంగ్లేయ నమూనాకు చెందినవే. ప్రవేశార్హత మాత్రం మారింది. వంశం స్థానంలో ప్రవేశపరీక్ష వచ్చింది. ఉపకారవేతనాలు సామాన్య కుటుంబాల బాలురకు ఊతమిచ్చాయి.

అయినా ఈ మార్పు అసంపూర్ణమే. ఆంగ్ల మాధ్యమం తెలుగు బడుల్లో చదివి వచ్చిన గ్రామీణ బాలుడికి రెండవ పరీక్ష అయింది. సైనిక పాఠశాలలన్నింటా బాలికలకు ప్రవేశం 2021–22 విద్యాసంవత్సరం నుంచే లభించింది. కాబట్టి కోరుకొండ చరిత్రను అది తయారుచేసిన అధికారుల సంఖ్యతోనే కొలవడం చాలదు. ఆ భవనపు వాకిలి ఎవరికి, ఎప్పుడు తెరుచుకున్నదో కూడా పరిశీలించాలి.