మధ్యస్థ ధర్మం: ఢిల్లీలో లంక విదేశనీతి

న్యూఢిల్లీ చాణక్యపురిలో శ్రీలంక హైకమిషన్ కార్యాలయం ఉన్న వీధి పేరు కౌటిల్య మార్గం. ఈ కలయిక యాదృచ్ఛికమే అయినా ఆలోచింపజేసేది. అర్థశాస్త్రంలో రాజమండలాన్ని వివరించిన సందర్భంలో కౌటిల్యుడు మధ్యముడు, ఉదాసీనుడు అనే ఇద్దరు రాజులను పేర్కొన్నాడు. విజిగీషువుకూ అతని శత్రువుకూ ఇరుగుపొరుగున ఉండి, ఇద్దరికీ తోడ్పడగలిగి, ఆ ఇద్దరూ కలియనంతకాలం ఎవరినైనా అదుపులో పెట్టగలిగినవాడు మధ్యముడు. ఉదాసీనుడు అతనికన్న కూడ బలవంతుడు. అంటే కౌటిల్యుని దృష్టిలో తాటస్థ్యం బలవంతుల సొత్తు. బలహీనునికి ఆ శాస్త్రం చూపిన మార్గం సంశ్రయం, అనగా మరొక బలవంతుని నీడ చేరడం.

ఇరువదియైదువేల చదరపు మైళ్ళ వైశాల్యం మాత్రమే గల లంకాద్వీపం 1948 ఫిబ్రవరి 4న స్వతంత్రమైన తరువాత ఈ సూత్రాన్ని తలక్రిందులు చేయడానికి పూనుకున్నది. బలం లేకుండానే మధ్యస్థ స్థానాన్ని కోరినది. ఆ ప్రయత్నంలోని ముఖ్య ఘట్టాలు కొన్ని ఢిల్లీలోనే జరిగినవి. వాటిలో ఆ దేశానికి గౌరవం తెచ్చినవీ ఉన్నవి. దానితోపాటు మన దేశం కూడ తల వంచుకోవలసినవీ ఉన్నవి.

తెలుగువారికి ఈ ద్వీపం పరాయిది కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంలోనే సింహళ విహారం వెలసినట్లు బోధిసిరి శాసనం సాక్ష్యమిస్తున్నది. 1739 నుండి 1815 వరకు కాండీ సింహాసనాన్ని ఏలినవారు మధుర నాయకుల సంబంధీకులైన నాయక్కర్ రాజులు. స్వతంత్ర భారతదేశం కొలంబోకు పంపిన తొలి హైకమిషనర్ వరాహగిరి వేంకటగిరి. అందుచేత లంక చరిత్రను తెలుగు పాఠకుడు దూరదేశపు వార్తగా చదువనవసరం లేదు.

లంక విదేశనీతికి తొలి పరీక్ష ఇండొనీషియా విషయంలో ఎదురైనది. 1948 డిసెంబరులో డచ్చివారు ఇండొనీషియా రిపబ్లిక్కుపై రెండవసారి సైనిక చర్యకు దిగినారు. లంకకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాదైనా నిండలేదు. దాని రక్షణ బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం మీద ఆధారపడి ఉన్నది. బ్రిటిషు నౌకలు తిరుకోణమలలోనూ, బ్రిటిషు విమానాలు కటునాయకలోనూ ఇంకా నిలిచే ఉన్నవి. అటువంటి స్థితిలో కూడ డి. ఎస్. సేనానాయకే ప్రభుత్వం, ఇండొనీషియాకు సేనలనూ ఆయుధాలనూ తీసుకొని పోయే డచ్చి ఓడలకూ విమానాలకూ తన రేవులలో, విమానాశ్రయంలో తావివ్వ నిరాకరించినది. 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో ఏర్పాటు చేసిన ఇండొనీషియా మహాసభకు ఎస్. డబ్ల్యు. ఆర్. డి. బండారనాయకే లంక ప్రతినిధిగా వచ్చినారు. తన రేవును ఎవరికి తెరవాలో, ఎవరికి మూయాలో నిర్ణయించుకోవడమే చిన్నదేశానికి ఉన్న మొదటి ఆయుధమని ఆనాడు తేలినది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవలసి ఉన్నది. ఇరువది రెండేళ్ళ తరువాత అదే విమానాశ్రయం మరొక పరీక్షకు నిలువవలసి వచ్చినది.

1951 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జపానుతో సంధి జరిగినప్పుడు లంక తన స్వరాన్ని మరొక విధంగా వినిపించినది. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద జపాను విమానాలు బాంబులు వేసినవి. మరునాడే విశాఖపట్నానికీ కాకినాడకూ అదే గతి పట్టినది. ఆ గాయం మానకముందే లంక ప్రతినిధి జె. ఆర్. జయవర్ధనే బుద్ధవచనాన్ని స్మరించి, జపాను నుండి నష్టపరిహారం కోరబోమని ప్రకటించినారు. భారతదేశం ఆ సభకు హాజరు కాలేదు; 1952లో వేరుగా సంధి చేసుకొని తానూ పరిహారం వదలుకున్నది. దారులు వేరైనా ఇరుదేశాల ధోరణి ఒక్కటే.

అయితే నీతివాక్యాలతో కడుపు నిండదు. కొరియా యుద్ధం వలన లోకంలో బియ్యం ధర పెరిగినది; లంక అమ్ముకోవలసిన రబ్బరు ధర పడిపోయినది. చైనాకు యుద్ధోపయోగమైన సరకులను ఎగుమతి చేయరాదని ఐక్యరాజ్యసమితి 1951లో తీర్మానించినది. లంక అప్పటికి సమితిలో సభ్యదేశం కాదు. ఆ సభ్యత్వం 1955 డిసెంబరులో గాని లభింపలేదు. 1952 డిసెంబరులో లంక చైనాతో ఒప్పందం చేసుకొన్నది: ఏటా యాభైవేల టన్నుల రబ్బరు ఇచ్చి, 2,70,000 టన్నుల బియ్యం పుచ్చుకోవడం, ఈ ఏర్పాటు అయిదేళ్ళపాటు సాగడం. ఆనాటి ప్రభుత్వం కమ్యూనిజానికి బద్ధ విరోధి. అయినను ప్రజల అన్నం ముందు సిద్ధాంతాన్ని పక్కన పెట్టినది. దీనికి శిక్షగా అమెరికా సహాయం నిలిచిపోయినది. తాటస్థ్యానికి వెల ఉంటుందని లంక ఆ విధంగా తెలుసుకొన్నది.

1956 నవంబరులో బర్మా, లంక, భారత, ఇండొనీషియా ప్రధానమంత్రులు ఢిల్లీలో సమావేశమైనారు. ఈజిప్టు మీద బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెలు చేసిన దాడి ఒక ప్రక్క. హంగరీలో సోవియట్ సేనల ప్రవేశం మరొక ప్రక్క. ఆ నలుగురూ విడుదల చేసిన ఉమ్మడి ప్రకటనలో రెండు విషయాలూ చోటు చేసుకొన్నవి. బండారనాయకే అప్పటికి ప్రధానమంత్రి అయి ఏడు నెలలైనది. బ్రిటిషు నౌకాదళం ఇంకా తన దేశపు రేవులో ఉండగానే ఆయన బ్రిటిషువారి చర్యను తప్పుపట్టినారు.

ఇక అసలైన పరీక్ష 1962లో వచ్చినది. అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయాల సరిహద్దులో దాడి సాగించినవి. నవంబరు 21న చైనా తనంతట తానే యుద్ధవిరమణ ప్రకటించినది. సందిగ్ధమైన ఆ స్తబ్ధతలో సిరిమావో బండారనాయకే చొరవ తీసికొని ఆరు తటస్థ దేశాల సభను డిసెంబరు 10 నుండి 12 వరకు కొలంబోలో జరిపినారు. బర్మా, కంబోడియా, ఘానా, ఇండొనీషియా, ఐక్య అరబ్ రిపబ్లిక్, లంక అందులో పాల్గొన్నవి. 1960 జూలైలో ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధానిగా పదవి చేపట్టిన ఆమెకు, ఒక వైపు అన్నం పెట్టిన చైనా, మరొక వైపు ఇరుగింటి భారతదేశం. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయన్న సామెత ఆమె విషయంలో అక్షరాలా వర్తించేది.

రాయబారమనగానే తెలుగువారికి స్ఫురించేది కృష్ణరాయబారం. కాని కృష్ణుడు సంధి కోరి వెళ్ళినా పాండవ పక్షంవాడే. ఆ సంగతి కౌరవ సభలో అందరికీ తెలుసు. సిరిమావో రాయబారం అటువంటిది కాదు. దురాక్రమణ చేసినవారెవరో ఆమె పేరెత్తి చెప్పలేదు. ఆ మౌనం భారతదేశంలో అనేకులకు ములుకువలె గుచ్చుకొన్నది. దెబ్బతిన్నవానినీ కొట్టినవానినీ ఒక్క త్రాసులో తూచడం న్యాయమా అన్న ప్రశ్న సహజమే. కాని ఆమె ఆ పేరు పలికి ఉంటే పెకింగు తలుపు మూసుకొనేది. తీర్పరికీ మధ్యవర్తికీ గల భేదం ఇదే. తీర్పరి న్యాయం చెప్పి వెళ్ళిపోతాడు. మధ్యవర్తి ఇద్దరి గుమ్మమూ మళ్ళీ తొక్కవలసినవాడు.

ఆమె 1962 ముగిసే వేళకు పెకింగు చేరి, 1963 జనవరిలో ఢిల్లీకి వచ్చినారు. ఐక్య అరబ్ రిపబ్లిక్ తరఫున అలీ సబ్రీ, ఘానా తరఫున ఓఫోరీ అట్టా ఢిల్లీలో ఆమెతో చర్చలలో పాల్గొన్నారు. ప్రతిపాదనల సారాంశమిది: పశ్చిమాన, లద్దాఖ్ ప్రాంతంలో, చైనా తన సైనిక స్థావరాలను ఇరువది కిలోమీటర్లు వెనుకకు తీసుకోవాలి, భారత సేన ఉన్నచోటనే ఉండవచ్చును, ఖాళీ అయిన ప్రదేశంలో సైన్యం లేకుండా ఇరుపక్షాల పౌర స్థావరాలు పాలన చూడాలి. తూర్పున ఉభయులూ గుర్తించిన వాస్తవాధీన రేఖ యుద్ధవిరమణ రేఖగా నిలువవచ్చును. మధ్య భాగంలో తగవు శాంతియుతంగా తీరాలి. ఈ ఏర్పాటు వలన ఎవరి హక్కుకూ భంగం కలుగదు.

ఇరువురినీ ఒక్కగాటన కట్టినట్లు పైకి కనిపించిన ఈ పత్రంలో, వెనుకకు జరుగవలసిన బాధ్యత పశ్చిమాన చైనా మీదనే ఉన్నది. పేరు చెప్పకుండానే న్యాయం కొంత చెప్పడమంటే ఇదే. ఢిల్లీలో ఇచ్చిన వివరణలను చేర్చుకొని భారత ప్రభుత్వం ప్రతిపాదనలను యథాతథంగా అంగీకరించినది. పార్లమెంటులో తీవ్రమైన చర్చ జరిగినది. ఓటమి గాయం పచ్చిగా ఉన్న ఆ రోజులలో నెహ్రూ ఆ అంగీకారాన్ని సమర్థించుకోవలసి వచ్చినది. చైనా మాత్రం సూత్రప్రాయంగా ఒప్పుకొంటూనే, లద్దాఖ్‌లో భారత పౌర స్థావరాల విషయంలోనూ మరికొన్నింటిలోనూ అభ్యంతరాలు తెలిపినది. ముఖాముఖి చర్చలు జరుగలేదు. రాయబారం ఫలించలేదనే చెప్పాలి. అయినను సేనలు లేని ఒక చిన్నదేశపు పత్రం రెండు మహాదేశాల మధ్య గీటురాయిగా నిలిచి, ఎవరు ఎంతవరకు దిగిరాగలరో లోకానికి చూపినది.

ఆ రాయబారానికి రెండేళ్ళు నిండకముందే సిరిమావో మరల ఢిల్లీకి వచ్చినారు. ఈసారి తగవు ఆమె దేశానికీ మన దేశానికీ మధ్యనే. బ్రిటిషువారి కాలంలో తమిళ ప్రాంతాల నుండి కాఫీ, తేయాకు తోటల పనికి పోయిన కూలీల సంతతి లంక కొండలలో తరతరాలుగా నివసిస్తున్నది. 1947 ఎన్నికలలో వారి కాంగ్రెసు కొన్ని స్థానాలు గెలుచుకొన్నది. 1948నాటి పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిని చేసినది. మరుసటి ఏడు వోటు హక్కు కూడ పోయినది. కార్మికోద్యమంలో పండిన వి. వి. గిరి హైకమిషనర్‌గా కొలంబోలో ఉన్న కాలంలోనే ఇది జరిగినది. 1954 జనవరిలో ఢిల్లీలో కుదిరిన నెహ్రూ–కొటెలావాలా ఒడంబడిక కూడ ముడిని విప్పలేకపోయినది.

1964 అక్టోబరు 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే సంతకాలు చేసిన ఒప్పందంలో లెక్క ఇలా ఉన్నది: మొత్తం 9,75,000 మంది. 5,25,000 మందిని భారతదేశం తీసుకోవాలి; 3,00,000 మందికి లంక పౌరసత్వం ఇవ్వాలి; మిగిలిన 1,50,000 మంది సంగతి తరువాత చూడాలి. ఆ మిగిలినవారిని 1974 జనవరిలో ఇందిరాగాంధీ, సిరిమావో చెరి 75,000 చొప్పున పంచుకొన్నారు. ఆ సమయానికి వి. వి. గిరి రాష్ట్రపతి. లద్దాఖ్‌లో మనుషులు లేని మంచునేల విషయంలో ఉభయపక్షాల మాటా రెండేసిసార్లు విన్న రాజనీతి, లక్షల మనుషుల విషయంలో వారి మాట ఒక్కసారి కూడ వినలేదు. తమను సంప్రదింపలేదని తోటకార్మికుల నాయకుడు తొండమాన్ ఆక్షేపించినాడు. దరఖాస్తులు కోరినప్పుడు లంకలోనే ఉండదలచినవారు ఆ దేశపు వాటాకు మించినారు. భారతదేశానికి రాదలచినవారు మన వాటాకు తక్కువైనారు. ఒప్పందంలోని అంకె ఒకటి, మనుషుల మనస్సు మరొకటి. తలైమన్నారు రేవులో ఓడ ఎక్కి రామేశ్వరంలో దిగినవారిలో అనేకులు తాము పుట్టిన నేలను విడిచి, తాతలు పుట్టిన నేలకు పరాయివారుగా వచ్చినారు. అదే దశాబ్దంలో బర్మా నుండి తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల గోడు విన్నవారికి ఈ బాధ వివరించి చెప్పనక్కరలేదు. ఆ రెండు దేశాల కాందిశీకుల కోసమే 1969లో ప్రత్యేకంగా ఒక సహకార బ్యాంకును నెలకొల్పవలసి వచ్చినది.

1971లో కటునాయక విమానాశ్రయం మళ్ళీ పరీక్షకు వచ్చినది. ఆ ఫిబ్రవరిలో భారతదేశం తన గగనతలం మీదుగా పాకిస్తాను విమానాలు పోరాదని నిషేధించినది. పడమటి పాకిస్తాను నుండి తూర్పునకు పోయే విమానాలు లంకలో దిగి ఇంధనం నింపుకొన్నవి. మార్చి 25 తరువాత తూర్పు బెంగాలులో సాగిన మారణకాండ, మన దేశానికి తరలివచ్చిన కోటిమంది శరణార్థులు ఆ నిర్ణయం వెనుక నీడవలె నిలిచినారు. డచ్చివారికి తలుపు మూసిన లంక పాకిస్తానుకు ఎందుకు మూయలేదు? ఏప్రిల్‌లో లంకలోనే యువకుల సాయుధ తిరుగుబాటు చెలరేగినది. సిరిమావో ప్రభుత్వం అందరి సహాయమూ కోరినది. భారతదేశం, పాకిస్తాను రెండూ హెలికాప్టర్లు పంపినవి. ఇంటికి నిప్పంటుకొన్నవాడు నీళ్ళు తెచ్చినవాని గుణదోషాలు ఎంచడు. ఇది సమాధానమే కాని సమర్థన కాదు. ఆ ఏడు డిసెంబరు 16న, ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయిన దినాననే, హిందూమహాసముద్రాన్ని శాంతిమండలంగా ప్రకటించాలన్న లంక ప్రతిపాదనను ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించినది. అనుకూలంగా 61 వోట్లు, ప్రతికూలంగా ఒక్కటీ లేదు, 55 దేశాలు తటస్థం. ఒకే ఏడాదిలో ఆ దేశపు బలహీనత, దాని దూరదృష్టి రెండూ బయటపడినవి.

ఈ చరిత్రను చదివినవారికి ఒక విషయం స్పష్టమౌతుంది. చిన్నదేశపు మాటకు బరువు వచ్చేది సేన వలన కాదు, నమ్మకం వలన. ఆ నమ్మకం పరదేశాల తగవులలో చూపిన నిష్పక్షపాతం చేత పుడుతుంది. కాని అది నిలిచేదీ నిలువనిదీ ఇంటిలోని నిర్బలుల ఎడల చూపిన నడవడి చేత తేలుతుంది. 1964 విషయంలో ఈ మాట లంకకు మాత్రమే కాదు, లెక్కకు ఒప్పుకొన్న పెద్దదేశానికీ చెందుతుంది.

ఆ లెక్క చివరకు ఢిల్లీలో సరికాలేదు. 1984లో రామేశ్వరం ఓడ ఆగిపోయినది. అంతర్యుద్ధంలో ఒప్పందం అటకెక్కినది. ఏ దేశమూ తమది కాని మనుషులు కొండల మీద ఆకు కోస్తూనే ఉన్నారు. 2003లో శ్రీలంక పార్లమెంటు చట్టం చేసి, భారత సంతతికి చెంది పౌరసత్వం లేక మిగిలినవారికి తన పౌరసత్వాన్ని ఇచ్చినది. ఈసారి వాటాలు లేవు. అడిగినదల్లా 1964 అక్టోబరు 30 నుండి ఈ నేలమీద ఉన్నారా, లేక అట్లా ఉన్నవారి సంతానమా అని మాత్రమే. ఢిల్లీలో ఒప్పందం జరిగిన ఆ తేదీ, ముప్పదితొమ్మిదేళ్ళ తరువాత, వారు ఆ నేలకు చెందినవారనడానికి ఆధారమైనది.