కట్టలు, కాలువలు, గండ్లు

2024 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీ రాత్రి కోదాడలో కంటినిండ నిద్రపోయినవారు తక్కువ. ఆ రాత్రియు మరునాడును కురిసిన వానకు చెరువులు అలుగులు పారి, పల్లపు వీధులలోనికి నీరు చొచ్చుకొని వచ్చినది. విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినవి. కోదాడలో ఇద్దరు వరదపాలై మరణించినారు. సెప్టెంబరు 1 వ తేదీన నడిగూడెం మండలములోని కాగిత రామచంద్రాపురము వద్ద నాగార్జునసాగరు ఎడమ కాలువకు గండి పడినది. ఏ కాలువ నీటికై రైతు ఏటేట ఎదురుచూచునో, ఆ నీరే అతని పొలమును ముంచివేసినది.

ఇట్టిది ఇదియే మొదటిసారియైన, వాన మితిమీరినదని సరిపెట్టుకొనవచ్చును. కాని లెక్క చూడుడు. 2019 అక్టోబరు 5 న సూర్యాపేట సమీపమున మూసీ జలాశయమునకు చెందిన తలుపు ఒకటి కొట్టుకొనిపోయినది. 2021 ఆగస్టు 5 న పులిచింతల ఆనకట్టకు 16 వ తలుపు ఊడిపోయినది. 2022 సెప్టెంబరు 7 న మిర్యాలగూడకు ఎగువన నిడమనూరు మండలములోని వేంపాడు దగ్గర ఎడమ కాలువ తెగినది. తరువాత 2024. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పట్టణముల చుట్టును ఐదేండ్లలో నాలుగు సంఘటనలు. వీనిలో తలుపులు ఊడిన రెండింటిలోను, కాలువ తెగిన రెండింటిలోను కారణములు ఒక్కటి కావు. ఆ కారణములను వెదకు శాస్త్రము ఎట్లు పుట్టినది, నేడు దానిని ఎవరు ఎక్కడ అభ్యసింపవచ్చును అనునది ఈ వ్యాసమునకు విషయము.

వరద తగ్గిన పిమ్మట ఒక డిగ్రీ విద్యార్థి నన్ను అడిగినాడు: "సార్, గండి పడితే మట్టి పోసి పూడుస్తరు. దాంట్ల చదివేదేముంటది?" ప్రశ్న అమాయకముగా కనిపించినను, తీసివేయదగినది కాదు. కట్ట వేయుట కూలీల పని, గండి పూడ్చుట గుత్తేదారు పని అను భావము మనలో చాలమందికి కలదు. మన పూర్వులు అట్లు తలచలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు వద్ద 1369 నాటి సంస్కృత శాసనము ఒకటి ఉన్నది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువు కట్టుటకు కావలసిన అంగములు పండ్రెండు, చెరువునకు కలుగు దోషములు ఆరు అని అందులో వివరముగా చెప్పబడినది. జలశాస్త్రము ఎరిగినవాడు, గట్టి నేల, రాతితో బిగువుగా కట్టిన మిక్కిలి పొడవు కాని కట్ట, నేర్పరులైన పనివారు అంగములలోనివి. దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట, నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై పారవలసిన భూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరు ఎక్కువగుట తక్కినవి. ఈ పని రెండేండ్లు సాగినదనియు, నిత్యము వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినవనియు శాసనము చెప్పుచున్నది. రెండు రాజ్యముల సరిహద్దు దోషమను మాట చదివినపుడు, నేడు రెండు రాష్ట్రముల నడుమ నిలిచిన పులిచింతల నాకు గుర్తునకు రాక మానదు.

మన ప్రాంతమునను ఈ విద్య పాతదే. సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల నాటి రేచెర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన ఆలయములను, వారి శాసనములను నేటికిని చూడవచ్చును. అక్కడి ఎఱకేశ్వరాలయము 1208 నాటిది. ఆ కాలమున గుడితోపాటు చెరువు త్రవ్వించుట ప్రభువులకు ఆచారము. ఒక చెరువు అలుగు నీరు దిగువ చెరువునకు చేరు గొలుసుకట్టు ఏర్పాటు తెలంగాణమంతట వ్యాపించినది.

ఆ గొలుసులోనే ఒక అపాయము దాగియున్నది. 1908 సెప్టెంబరు 28 న మూసీ వరద హైదరాబాదును ముంచినది. మృతులు 15,000 వరకు ఉందురని అంచనా. నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించగా, ఆయన 1909 లో వచ్చి మొదట చేసిన పని ఆనకట్టకు నక్ష గీయుట కాదు. ఎగువనున్న చెరువులను లెక్కించుట. నగరమునకు ఎగువన నదీ పరీవాహకములో చదరపు మైలుకు ఇంచుమించు ఒకటి చొప్పున 788 చెరువులున్నవనియు, అందులో 221 తెగినవనియు తేలినది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువును తెంచును. ఆ రెండును కలసి మూడవదానిని. అనగా నగరముపై పడినది వాన నీరు మాత్రమే కాదు, ఒకదానిపై నొకటి కూలిన కట్టల నీరు. ఏ కట్టనైనను ఒంటరిగా పరీక్షించి బాగున్నదని చెప్పుట చాలదని దీనివలన తెలిసినది. తరువాత ఉస్మాన్‌సాగరు 1920 లోను, హిమాయత్‌సాగరు 1927 లోను పూర్తియైనవి. ఈ పనులలో పాల్గొన్న నవాబు అలీ నవాజ్ జంగ్ ప్రభుత్వ విద్యార్థి వేతనముతో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి వచ్చినవాడు. తరువాత నిజాంసాగరును నిర్మించినవాడును ఆయనే. ఒక్క విద్యార్థి వేతనము దేశమునకు ఎంత తిరిగి ఇచ్చినదో లెక్క కట్టుట కష్టము.

ఇక మన ఎడమ కాలువ. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10 న నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4 న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. లాల్‌బహదూర్ కాలువ అని పేరుపొందిన ఈ ఎడమ కాలువ తలదగ్గర 11,000 క్యూసెక్కులు, అనగా సెకనుకు మూడు లక్షల లీటర్లకు పైగా, పారునట్లు ఉద్దేశింపబడినది. నది పల్లమునకు పారును. ఇట్టి కాలువ మాత్రము భూమి వాలునకు అడ్డముగా, గట్టు ప్రక్కను పట్టుకొని నడచును. అందుచేత కృష్ణకో మూసీకో పాలేరుకో దిగవలసిన ప్రతి వాగును అది అడ్డగించును. వాగును కాలువ పైనుండిగాని క్రిందినుండిగాని దాటించవలెను. క్రింద దాటించు కట్టడమును మన రైతులు 'యూటీ' అందురు. అండర్ టన్నెల్ అను మాటకు సంక్షేపము. కాలువ కట్టలో మట్టియు రాతికట్టడమును ఒకదానినొకటి తాకు చోటు ఇదియే. రెండును ఒకే తీరుగ కుంగవు, ఒకే తీరుగ ఎండవు. సందు ఏర్పడిన, నీరు అందులో జొరబడును. మొదట తేటగా ఊరును. తరువాత మట్టి రేణువులను మోసికొని బురదగా వచ్చును. ఆ బురదనీరు కనిపించిన గంటలలో కట్ట తెగవచ్చును. వేంపాడు వద్ద 2022 లో కాలువ తెగినది ఇట్టి యూటీ దగ్గరనే. 2024 నాటిది వేరు: వరదనీరు కాలువలోనికే చేరి, అది మోయగలిగిన దానికంటె ఎక్కువయ్యెను.

ఊట నీటిని గూర్చి లోకమునకు లెక్క నేర్పినవారిలో మనదేశపు ఇంజనీరు ఒకరున్నారు. పంజాబులోని అప్పర్ చీనాబు కాలువమీద ఇట్టి దాటింపు కట్టడములు కొన్ని దెబ్బతినగా, అయోధ్యనాథ్ ఖోస్లా 1926-27 ప్రాంతమున వాని అడుగున గొట్టములు దింపి నీటి ఒత్తిడిని కొలిచెను. నీరు కట్టడపు అడుగు వెంబడియే ప్రాకునని అప్పటివరకు ఉన్న బ్లై సూత్రమునకు ఆ కొలతలు సరిపోలేదు. నేలలోని నీరు నిర్ణీతమైన వంపు మార్గములలో నడచుననియు, పైకి వెడలు చోట దాని వాలు మితిమీరినప్పుడే ఇసుక లేచిపోవుననియు ఆయన చూపెను. 1936 లో ఆ గ్రంథము వెలువడినది. దాదాపు అదే కాలమున కార్ల్ టెర్జాగి ఇస్తాంబూలులోని ఒక కళాశాలలో, సరియైన పరికరములు లేక, చుట్టల పెట్టెలతో మట్టి పరీక్షలు సాగించి, 1925 లో మట్టి యంత్రశాస్త్రమునకు పునాది వేసెను. ఆ విద్యార్థికి నేను ఈ ఇద్దరి కథను చెప్పితిని. గండియే ఖోస్లాకు ప్రయోగశాల. అంతేకాదు, 1952 లో నాగార్జునసాగరు స్థలమును పరిశీలించిన సంఘమునకు అధ్యక్షుడు ఆయనే.

తలుపుల సంగతి సులభమైన గణితముతో తరగతిలో చెప్పవచ్చును. 10 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తుగల తలుపునకు అంచువరకు నీరు నిలిచినదనుకొనుడు. లోతు పెరిగినకొలది ఒత్తిడి పెరుగును గనుక సగటు ఒత్తిడి సగములోతు వద్దిది. మొత్తము బలము 180 టన్నులు. ఎత్తు రెట్టింపైన బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 720 టన్నులు. ఈ భారమంతయు తలుపు ప్రక్కలనున్న కీళ్లకు, వానినుండి స్తంభములకు చేరును. తుప్పుగాని, కీలు అరుగుదలగాని, లంగరులో చిన్న పగులుగాని ఉన్నచో తలుపు దానంతటది చెప్పదు. పులిచింతలలో తలుపు పోయిన తరువాత తాత్కాలికపు తలుపు దించుటకై జలాశయపు నీటిని చాలవరకు వదలివేయవలసివచ్చినది. ఆ జలాశయమునకు పెట్టిన పేరు డాక్టరు కె. ఎల్. రావు సాగరము. బర్మింగ్‌హాములో డాక్టరేటు పొంది వచ్చి, దేశపు ఆనకట్టల రూపకల్పనలో ముందు నిలిచి, తరువాత కేంద్ర నీటిపారుదల మంత్రియైన తెలుగువాని పేరు అది.

భూమి కూడ ఒక్కొక్కప్పుడు మనలను పలుకరించును. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల పరిసరములలో 4.6 పరిమాణపు భూకంపము వచ్చి, సూర్యాపేట జిల్లావారిని లేపినది. 1967 డిసెంబరు 11 న మహారాష్ట్రలోని కొయినా ఆనకట్టవద్ద వచ్చిన పెద్ద భూకంపము తరువాత, నిండిన జలాశయములకును భూకంపములకును గల సంబంధము ప్రపంచమంతట పరిశోధనాంశమైనది. ఆ పరిశోధనలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనాలయము ముందున్నది. మన చిన్న కంపములను గూడ అది నమోదు చేయుచున్నది.

ఇంతవరకు చెప్పినది బలము, నీరు, మట్టి. పరిశోధకులు ఇటీవలనే గట్టిగా పట్టుకొనిన మరియొక ప్రశ్న ఉన్నది: విరిగినపుడు ఎవరిపై విరుగును? పట్టణములో చెరువు శిఖమునకు దగ్గర, వాగు ఒడ్డున, తక్కువ ధరకు దొరకు స్థలములో ఇల్లు కట్టుకొన్నవాడే మొదట మునుగును. కాలువ తలదగ్గరి రైతు నిండుగ నీరు పెట్టుకొనగా, చివరి భూములవానికి నీరందక పైరు ఎండును. తెగినపుడు మాత్రము నష్టము వరుస చూచుకొని రాదు. చట్టము సైతము సమముగా కాపాడదు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన కట్టలకును, కొన్ని నియమములపై 10 నుండి 15 మీటర్ల వానికిని వర్తించును. కాలువలు ఆ నిర్వచనములో లేవు. ఊరి చెరువులలో పెక్కు ఆ ఎత్తునకు రావు. మన మూడు పట్టణముల ప్రజలు నిత్యము బ్రతుకునది ఆ చట్టము చూడని కట్టల క్రిందనే. నా అభిప్రాయములో నేటి పరిశోధకునకు ఇంతకు మించిన అంశము లేదు: ఏ యూటీ బలహీనము, అది తెగిన నీరు ఏ వాడకు ఎన్ని నిమిషములలో చేరును, అక్కడ ముసలివారు, పిల్లలు ఎందరు, ముందుగ ఏ యూటీని బాగుచేసిన ఎక్కువమందికి రక్ష? దీనికి నేల పరీక్షయు కావలెను, ఉపగ్రహ చిత్రములును కావలెను, ఇంటింటికి తిరిగి అడుగు ఓపికయు కావలెను.

చదువదలచినవారికి ద్వారములు దగ్గరనే ఉన్నవి. వరంగల్లులో 1959 లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా ఆరంభమైన జాతీయ సాంకేతిక సంస్థ, ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల, హైదరాబాదు ఐఐటీ మన రాష్ట్రమునందే ఉన్నవి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజనీరింగు పరిశోధన కేంద్రము కలదు. దూరము పోగలిగినవారికి రూర్కీ ఉన్నది. అక్కడ 1960 లోనే భూకంప ఇంజనీరింగునకు ప్రత్యేక విభాగము ఏర్పడినది. బి.టెక్. పిమ్మట గేట్ పరీక్షలో అర్హత పొంది ఎం.టెక్. లో చేరినవారికి నెలకు రూ. 12,400 వేతనము లభించును. డాక్టరేటు చేయువారికి 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లు నెలకు రూ. 37,000, తరువాత రూ. 42,000 గా నిర్ణయింపబడినది. డాక్టరేటు అనంతరము రిసెర్చ్ అసోసియేటుగా పనిచేయువారికి అదే ఉత్తరువు ప్రకారము రూ. 58,000 మొదలు మూడు మెట్లు ఉన్నవి. విదేశములకు పోదలచిన దళిత, గిరిజన విద్యార్థులకు అంబేద్కరు విదేశీ విద్యానిధి, వెనుకబడిన తరగతులవారికి ఫూలే పేర అట్టి నిధియు రాష్ట్రప్రభుత్వము ఏర్పరచినది.

ఇంజనీరింగు చదువని బి.ఎస్‌సి. విద్యార్థులు నిరాశ చెందనక్కరలేదు. భౌతికశాస్త్రము, గణితము చదివినవారు ఉస్మానియాలో భూభౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. చేసి, నేలలో విద్యుత్తును పంపి కట్టలోపలి తడిని కనుగొను పద్ధతిని అభ్యసింపవచ్చును. తడిసిన మట్టి విద్యుత్తునకు తక్కువ నిరోధము చూపును. కట్టను త్రవ్వకయే ఊట ఎక్కడనున్నదో తెలియును. నన్ను ప్రశ్నించిన విద్యార్థి ఇప్పుడు ఆ ప్రవేశపరీక్షకు చదువుచున్నాడు. అతని ఊరు కాలువ క్రిందిదే.